ఊరూ పేరూ ఉన్న నాణేలు

నాణేనికి తెలుగులో ఒక వైపు బొమ్మ, ఇంకో వైపు బొరుసు. హిజ్రీ 77లో, అంటే క్రీ.శ. 696–97లో, ఉమయ్యద్ ఖలీఫా అబ్ద్ అల్-మలిక్ వేయించిన బంగారు దినార్‌కు మాత్రం బొమ్మ లేదు. రెండు వైపులా అక్షరాలే. నడుమ మూడు పంక్తులు, వాటి చుట్టూ అంచు వెంట గుండ్రంగా మరో పంక్తి. ఒక వైపు దేవుడు ఒక్కడేననీ, ఆయనకు సాటి లేరనీ చెప్పే మాట ఉంటుంది. ఇంకో వైపు ఖురాన్ 112వ అధ్యాయంలోని మాటలుంటాయి, వాటి అంచున ఈ దినార్‌ను డెబ్బై ఏడో ఏట ముద్రించారన్న సమాచారం ఉంటుంది. ఖలీఫా తల సరే, పేరు కూడా లేదు. బరువు 4.25 గ్రాములు. ఇప్పటి రూపాయి బిళ్ల కంటే కాస్త చిన్నది. టంకశాల ఉన్న ఊరి పేరు దాని మీద లేకపోయినా, అప్పటి రాజధాని డమాస్కస్‌లోనే ముద్రించి ఉంటారని పండితుల అంచనా.

అంతకు ముందు అరబ్బు పాలకులకు సొంత నాణెం లేదు. ఇరాన్‌ను గెలిచినప్పుడు అక్కడి ససానియన్ వెండి నాణేన్నీ, సిరియా, ఈజిప్టులను గెలిచినప్పుడు అక్కడి బైజాంటైన్ బంగారు, రాగి నాణేలనూ ఉన్నవి ఉన్నట్టే వాడుకున్నారు. ఇరాన్ టంకశాలల్లో పనివాళ్లూ మారలేదు, అచ్చులూ పెద్దగా మారలేదు. ఖుస్రో చక్రవర్తి కిరీటం, వెనక వైపు జొరాస్ట్రియన్ అగ్నివేదిక, దాని పక్కన ఇద్దరు కాపలాదారులు అలాగే ఉండిపోయారు. అంచున చిన్నగా ‘బిస్మిల్లా’ అన్న మాట మాత్రం కొత్తగా చేరింది. సిరియాలో మెట్ల మీద నిలిపిన శిలువ నుంచి అడ్డకొమ్మ తీసేసి, నిలువు కర్రను మాత్రం ఉంచారు. కొన్నేళ్లపాటు కత్తి పట్టుకుని నిలబడిన ఖలీఫా బొమ్మతోనూ నాణేలు వచ్చాయి. ఈ ప్రయోగాలన్నిటికీ 77వ ఏట వచ్చిన దినార్ ముగింపు పలికింది. ఒకటి రెండేళ్లలో వెండి దిర్హమ్ కూడా అదే దారి పట్టింది.

పేర్లు మాత్రం పాతవే మిగిలాయి. దినార్‌కు మూలం రోమన్ల దెనారియస్, దిర్హమ్‌కు గ్రీకుల ద్రాఖ్మా, రాగి ఫల్స్‌కు బైజాంటైన్ల ఫొలిస్. దెనారియస్ ఇంకో దారిన గుప్తుల కాలానికే భారతదేశం చేరి ‘దీనార’ అయింది. శ్రీనాథుడి కనకాభిషేకం కథలో వినిపించే దీనారటంకాలలో ఉన్నది ఆ మాటే. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి గల్ఫ్‌కు పనికి వెళ్లినవాళ్లు నెలనెలా లెక్క పెట్టుకునే కువైట్ దినార్, ఎమిరేట్స్ దిర్హమ్ కూడా ఆ వంశంలోవే.

సేకర్తలకు ఇస్లామిక నాణెం మీద ఇంత మక్కువ కలగడానికి అసలు కారణం వెండి దిర్హమ్. దాని అంచున ఏడాదితో పాటు ఊరి పేరు కూడా ఉంటుంది. ఫలానా ఊళ్లో, ఫలానా ఏట ఈ దిర్హమ్‌ను ముద్రించారని అది తనంతట తానే చెబుతుంది. అదే కాలంలో యూరప్ రాజులు వేయించిన నాణేల మీద ఏడాది దాదాపు ఎక్కడా కనిపించదు. వాటిని ఏ దశాబ్దంలో ముద్రించారో తేల్చడానికి చరిత్రకారులు ఇప్పటికీ తంటాలు పడుతుంటారు. దిర్హమ్‌తో ఆ చిక్కు తక్కువ. డమాస్కస్, బస్రా, కూఫా, మర్వ్, బల్ఖ్, పడమట స్పెయిన్‌కు అల్-అందలుస్ అన్న పేరు, ఇలా నాణేలను వరుసగా పేర్చితే రాజ్యం పటమే కళ్ల ముందుకొస్తుంది. ఇరాక్‌లో అల్-హజ్జాజ్ అనే గవర్నర్ కట్టించిన వాసిత్ పట్టణం ఇప్పుడు శిథిలాల దిబ్బ. ఖలీఫా హిషాం కాలంలో రాజ్యంలోని వెండి ముద్రణలో ఎక్కువ భాగం అక్కడే జరిగింది. ఆ దిబ్బ పేరు ఈ రోజుకీ వేలాది దిర్హమ్‌ల మీద చెక్కుచెదరకుండా ఉంది.

దిర్హమ్ చదవడం ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలి. లిపి కుఫీ. నిటారు గీతలు, పదునైన మూలలు, అక్షరాల మీద చుక్కలుండవు. అంచున రాత బిస్మిల్లాతో మొదలై నాణెం చుట్టూ తిరుగుతుంది. ‘ముద్రించబడింది’ అనే అర్థమిచ్చే ‘దురిబ’ తరువాత ‘ఈ దిర్హమ్’ అన్న మాట, తరువాత ఊరు, చివరికి ఏడాది. ఏడాదిని అంకెల్లో కాకుండా మాటల్లో రాస్తారు. ముందు ఒకట్లు, తరువాత పదులు, ఆ పైన వందలు. నూట ఇరవై మూడు అనాల్సిన చోట ‘మూడూ ఇరవయ్యూ నూరూ’ అని ఉంటుంది. పాఠకుణ్ణి ఎక్కువగా తికమక పెట్టేవి ఏడు, తొమ్మిది. అరబ్బీలో ఏడు ‘సబ్’, తొమ్మిది ‘తిస్’. చుక్కలు తీసేస్తే రెండు మాటలూ రంపపు పళ్లలాంటి నాలుగు చిన్న గీతలూ, ఆ వెనక ఒక ఐన్ అక్షరమూ మాత్రమే. నాలుగు పళ్లలో మొదటిది కాస్త ఎత్తుగా ఉంటే తొమ్మిది, నాలుగోది ఎత్తుగా ఉంటే ఏడు. అచ్చు చెక్కినవాడు ఆ ఎత్తు సరిగ్గా చూపించకపోయినా, పన్నెండు వందల ఏళ్లలో చేతులు మారి అది అరిగిపోయినా, నాణెం వయసు రెండేళ్లు అటో ఇటో జరిగిపోతుంది.

హిజ్రీ ఏడాది చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది, దానికి సుమారు 354 రోజులు. అందుకే క్రీస్తు శకంలోకి మార్చాలంటే 622 కలిపితే చాలదు. హిజ్రీ సంఖ్యను 0.97తో హెచ్చవేసి, ఆ పైన 622 కలపాలి. సేకర్తలు నోటి లెక్కగా వాడే సూత్రం ఇదే, ఇది ఒక ఏడాదికి మించి తప్పదు. తరువాతి కాలంలో ఏడాదిని అంకెల్లో వేయడం మొదలైంది. అక్కడ ఇంకో తికమక ఉంది. అరబ్బీ అయిదు తెలుగు సున్నాలా గుండ్రంగా ఉంటుంది, సున్నా ఒట్టి చుక్కలా ఉంటుంది. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్లు తమ మొదటి రాగి నాణేన్ని అయిదు దశాబ్దాలు తప్పుగా చదవడం మామూలే.

అబ్బాసీ ఖలీఫాల కాలంలో నాణెం మీదికి పేర్లు చేరాయి. మొదట యువరాజు, గవర్నర్, ఆ పైన ఖలీఫా, క్రమంగా ఎక్కడికక్కడ తలెత్తిన స్వతంత్ర పాలకుడు. రాజ్యాధికారానికి రెండు గుర్తులు స్థిరపడ్డాయి. ఒకటి శుక్రవారం ప్రార్థనకు ముందు చేసే ఖుత్బా ప్రసంగంలో పాలకుడి పేరు చదవడం, రెండోది సిక్కా, అంటే నాణెం మీద ఆ పేరు వేయడం. సిక్కా అంటే మొదట నాణెం కాదు, ముద్ర వేసే ఇనుప అచ్చు. అదే మాట తెలుగులోకి వచ్చి నాణెం అయింది. తిరుగుబాటు చేసినవాడు కోట గెలిచిన వెంటనే టంకశాలను పట్టుకునేవాడు, తన పేరుతో పది దిర్హమ్‌లైనా వేయించేవాడు. చరిత్ర గ్రంథాల్లో ఒక్క వాక్యం కూడా దక్కని చిన్న చిన్న పాలకులు కొందరు అలాంటి నాణేల వల్లే ఇవాళ తెలుసు.

అలాగని నాణెం చెప్పిందల్లా నిజం కాదు. 1258లో మంగోలులు బాగ్దాద్‌ను పట్టుకుని ఖలీఫా అల్-ముస్తాసిమ్‌ను చంపేశారు. ఢిల్లీ సుల్తానులు మాత్రం ఆ తరువాత మూడు దశాబ్దాలకు పైగా తమ నాణేల మీద అతని పేరే వేస్తూ వచ్చారు. వాటి ప్రకారం బల్బన్ ఏలినన్నాళ్లూ ఆ ఖలీఫా బతికే ఉన్నాడు. కొత్త ఖలీఫా ఎవరో తేలకుండా ఆ పేరు తీసేస్తే, సుల్తానుకు ఏలే హక్కు ఇచ్చిందెవరన్న ప్రశ్న పుడుతుంది. అందుకే చనిపోయినవాడి పేరుతోనే బండి నడిపించారు. అయిదు శతాబ్దాల తరువాత ఈస్టిండియా కంపెనీ చేసింది కూడా ఇలాంటిదే. మొగల్ చక్రవర్తి షా ఆలం పేరుతో, అతని పాలనలో 19వ సంవత్సరం అని రాసిన ముర్షిదాబాద్ రూపాయిని, ఆ సంవత్సరం గడిచిపోయి దశాబ్దాలైనా అదే గుర్తుతో 1835 దాకా ముద్రించింది. నాణెం సాక్ష్యం చెబుతుంది, కానీ ఆ సాక్షిని అడ్డప్రశ్నలు వేయకుండా వదలకూడదు.

దిర్హమ్‌లు పుట్టిన చోటే ఉండిపోలేదు. తొమ్మిది, పది శతాబ్దాల్లో బుఖారా, సమర్కంద్, ఇప్పటి తాష్కెంట్ ప్రాంతాల నుంచి సమానిద్ పాలకుల వెండి ఓల్గా నది దారిన ఉత్తరానికి పోటెత్తింది. బదులుగా బొచ్చు తోళ్లు, బానిసలు దక్షిణానికి వచ్చారు. ఉత్తరాదివాళ్లకు అరబ్బీ రాదు, నాణేల లెక్కా అక్కర్లేదు. వాళ్లకు కావలసింది తూకం. దిర్హమ్‌ను కత్తితో ముక్కలు చేసి త్రాసులో వేసుకునేవాళ్లు. స్వీడన్‌కు చెందిన గాట్లాండ్ దీవిలో స్పిల్లింగ్స్ అనే చోట 1999లో ఒక పొలంలో బయటపడ్డ నిధిలో 67 కిలోల వెండి, 14 వేలకు పైగా నాణేలు ఉన్నాయి. నాణేల్లో అత్యధికం దిర్హమ్‌లే. వాటిలో ఒకటి ఖజార్ రాజ్యంలో ముద్రించిన అనుకరణ. ముహమ్మద్ దేవుని ప్రవక్త అని ఉండాల్సిన చోట దాని మీద మోషే దేవుని ప్రవక్త అని ఉంది. ఖజార్ పాలకులు యూదు మతం తీసుకున్నారన్న కథనానికి అంత స్పష్టమైన లోహసాక్ష్యం మరొకటి లేదు.

అనుకరణల్లో అందరికీ తెలిసింది ఇంగ్లండ్‌లో మెర్సియా రాజు ఓఫా వేయించిన బంగారు నాణెం. హిజ్రీ 157 నాటి అబ్బాసీ దినార్‌ను ఎదురుగా పెట్టుకుని ఎవరో పనివాడు అచ్చు చెక్కాడు. ఇస్లాం విశ్వాస ప్రకటనను ఉన్నది ఉన్నట్టు దించాడు, ఏడాదితో సహా. ఆ పంక్తుల మధ్య రోమన్ అక్షరాల్లో ‘ఓఫా రాజు’ అని చేర్చాడు. అరబ్బీని సరిగ్గా నిలబెట్టి చూస్తే ఓఫా పేరు తలకిందులుగా ఉంటుంది. అరబ్బీలో పైది ఏదో కిందిది ఏదో ఆ పనివాడికి తెలియదు. క్రైస్తవ రాజు పేరు, ఇస్లాం ప్రకటన ఒకే బిళ్ల మీద చేరిన ఆ నాణెం ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాన్ని వేయించిన రోజున ఎవరికీ అది వింతగా అనిపించి ఉండదు. బంగారం అంటే దినార్ అనీ, దినార్ అంటే ఆ రాత ఉండాలనీ మాత్రమే వాళ్లకు తెలుసు.

భారతదేశంలో ఈ నాణేల కథ మరో మలుపు తిరిగింది. గజనీ మహమూద్ హిజ్రీ 418, 419లలో, అంటే 1027–28 ప్రాంతంలో, లాహోరుకు మహమూద్‌పూర్ అని పేరు పెట్టి అక్కడ వేయించిన వెండి నాణేనికి ఒక వైపు అరబ్బీ, ఇంకో వైపు శారద లిపిలో సంస్కృతం. ఇస్లాం విశ్వాస ప్రకటనను సంస్కృతంలో ‘అవ్యక్తమేకం’ అని అనువదించారు. ప్రవక్తను అవతారం అన్నారు. మహమూద్‌ను నృపతి అన్నారు. అంచున ‘ఈ టంకం మహమూద్‌పురంలో తయారైంది’ అని ఉంది. తెలుగు ‘టంకశాల’లో ఉన్న టంకం అదే. సోమనాథ్ దాడి జరిగిన రెండు మూడేళ్లకే ఆ రాజే తన మత ప్రకటనను స్థానిక పండితుల చేత వాళ్ల పరిభాషలోకి మార్పించాడన్నది పుస్తకాలు చదివి ఊహించుకోవడం కష్టం. నాణెం చేతిలో ఉంటే ఊహించుకునే పని లేదు.

తెలుగు నేల పేరు ఈ నాణేల మీదికి ఎక్కింది 14వ శతాబ్దంలో. 1323లో కాకతీయుల ఓరుగల్లు ఢిల్లీ సేనల చేతిలో పడింది, ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. ఆ దరిదాపుల్లో తుగ్లక్‌లు ముద్రించిన బంగారు టంకాల మీద టంకశాల పేరున్న చోట ‘ముల్క్-ఎ-తిలంగ్’ అని ఉంటుంది. అంటే తెలుగు దేశం. ఓడిన రాజ్యంలోని బంగారాన్ని కరిగించి గెలిచినవాడి పేరు వేయడం అంతటా ఉన్న ఆచారమే. దానితో పాటు ఆ నేల పేరు కూడా బంగారం మీద అరబ్బీ అక్షరాల్లో నిలిచిపోయింది.

అక్షరాల నాణేల్లో బొమ్మలు అసలే రాలేదనడం కూడా సరికాదు. పన్నెండు, పదమూడో శతాబ్దాల్లో ఇప్పటి టర్కీ, ఉత్తర ఇరాక్ ప్రాంతాల్ని ఏలిన ఆర్తుకిద్, జెంగిద్ వంశాల పాలకులు తమ రాగి నాణేల మీద గ్రీకు, బైజాంటైన్ నాణేల్లోని తలల్ని, రాశుల బొమ్మల్ని నిస్సంకోచంగా వేయించారు. సెల్జుక్ సుల్తాన్ రెండో కైఖుస్రో వెండి నాణెం మీద సింహం, దాని వీపు మీద ఉదయిస్తున్న సూర్యుడు ఉంటారు. మొగల్ జహంగీర్ 1618 నుంచి నెల పేరు బదులు ఆ నెలకు చెందిన రాశి బొమ్మ వేయించాడు. ఈ రాశి మొహరులకు గిరాకీ ఎంతగా ఉండేదంటే, వాటికి వచ్చినన్ని నకిలీలు బహుశా మరే మొగల్ నాణేనికీ రాలేదు.

ఈ నాణేలను పోగేసి చదవడం ఎవరు మొదలుపెట్టారు? యూరప్ పండితులే అని తరచూ రాస్తుంటారు. అది సగం మాటే. తొమ్మిదో శతాబ్దపు చరిత్రకారుడు అల్-బలాధురి తన విజయాల చరిత్రలో నాణేల సంస్కరణ గురించి విడిగా రాశాడు. ఢిల్లీ టంకశాలలో అధికారిగా పనిచేసిన జైన పండితుడు ఠక్కుర ఫేరు 1318లో ప్రాకృతంలో రాసిన ద్రవ్యపరీక్షలో తన కాలంలో చేతికి వచ్చే నాణేల బరువు, మేలిమి, మారకపు విలువ పద్దు వేశాడు. కైరోలో అల్-మఖ్రీజీ 15వ శతాబ్దపు తొలి దశకాల్లో నాణేల చరిత్ర మీద ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే రాశాడు. వెండి దొరక్క రాగి ముంచెత్తి కైరోలో ధరలు ఎలా మండిపోయాయో అతను కళ్లారా చూసినవాడు. ఆ కోపం అతని రాతలో వినిపిస్తుంది.

యూరప్‌లో ఈ పని 18వ శతాబ్దం చివర ఊపందుకుంది. ఇటలీలో కార్డినల్ బోర్జియా సేకరణలోని కుఫీ నాణేలను యాకోబ్ ఆడ్లర్ చదివి 1782లో ప్రచురించాడు. రోస్టాక్‌లో టైక్సెన్ మఖ్రీజీ గ్రంథాన్ని అచ్చు వేయించాడు. టైక్సెన్ శిష్యుడు క్రిస్టియన్ ఫ్రేన్ 1807లో కజాన్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగానికి వెళ్లడం ఈ శాస్త్రానికి పెద్ద అదృష్టం. ఓల్గా తీరంలో రైతుల నాగళ్లకు దిర్హమ్‌లు తగులుతూనే ఉండేవి. ఇక్కడ నాణేలు, పక్కనే వాటిని చదవగలిగిన మనిషి. 1818లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఏషియాటిక్ మ్యూజియం ఏర్పడినప్పుడు ఫ్రేన్ దానికి మొదటి డైరెక్టర్ అయ్యాడు. 1826లో అతను వెలువరించిన జాబితాతో వంశాల వారీగా, ఊళ్ల వారీగా నాణేలను పేర్చే పద్ధతి స్థిరపడింది. లండన్‌లో స్టాన్లీ లేన్-పూల్ 1875 నుంచి 1890 దాకా బ్రిటిష్ మ్యూజియం ప్రాచ్య నాణేల పట్టికను పది సంపుటాలుగా తెచ్చాడు. మొదటి సంపుటం వచ్చేసరికి అతనికి ఇరవై ఏళ్ల ప్రాంతమే. పారిస్‌లో లావ్వా, ఇస్తాంబుల్‌లో ఇస్మాయిల్ గాలిబ్ అలాంటి పనే చేశారు. ఇరవయ్యో శతాబ్దంలో ఈ విద్యకు న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ, జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం ముఖ్య కేంద్రాలయ్యాయి. నాణేల వ్యాపారి స్టీఫెన్ ఆల్బమ్ రూపొందించిన జాబితా మూడో కూర్పు 2011లో వచ్చింది. ఇప్పుడు వేలం పట్టికల్లో, అమ్మకపు చీటీల మీద చాలావరకు ఆ జాబితా నంబరే కనిపిస్తుంది.

హైదరాబాద్ ఈ కథలో విడిగా చెప్పుకోవలసిన చోటు. గోల్కొండ రాజ్యంలో బంగారం అంటే జనానికి విజయనగరం తీరు హొన్నులు, వరహాలే. కుతుబ్‌షాహీలు తమ పేరుతో వేయించింది ప్రధానంగా రాగి. అబ్దుల్లా కుతుబ్‌షా హిజ్రీ 1068 నాటి రాగి నాణెం మీద రాజు పొగడ్తలకు బదులు, శుభంగా సుఖంగా ముగిసిందన్న అర్థం వచ్చే మాట ఉంటుంది. పైన చెప్పిన సూత్రంతో లెక్క వేస్తే ఆ ఏడు 1657–58 అవుతుంది. ఔరంగజేబు గోల్కొండ మీదికి విరుచుకుపడ్డ కాలానికి దగ్గరలోని సంవత్సరాలివి. ఏది ముగిసిందని ఆ మాట అన్నారో పండితులు రకరకాలుగా చెబుతారు. 1687లో గోల్కొండ పడ్డాక ఔరంగజేబు రూపాయి మీద హైదరాబాద్ ‘దారుల్ జిహాద్’ అయింది. మొగలుల నాణేల మీద మచిలీపట్నం పేరుంది, ఆదోని ఇంతియాజ్‌గఢ్ అన్న మారుపేరుతో ఉంది.

అసఫ్‌జాహీలు స్వతంత్రంగానే ఏలినా 1857 దాకా మొగల్ చక్రవర్తి పేరుతోనే నాణెం వేశారు. మొగలుల పాలన అంతరించాక అసఫ్‌జా పేరు నాణెం మీదికి వచ్చింది, దాని మీద 92 అన్న అంకె చేరింది. అది ఏడాది కాదు. అరబ్బీ అక్షరాలకు సంఖ్యా విలువలిచ్చే పద్ధతిలో ముహమ్మద్ అన్న పేరులోని మీమ్‌కు 40, హాకు 8, మళ్లీ మీమ్‌కు 40, దాల్‌కు 4, మొత్తం 92. హిజ్రీ 1321లో, అంటే 1903–04లో, యంత్రాల మీద ముద్రించిన కొత్త రూపాయి మీద చార్మినార్ వచ్చింది. నిజాం రూపాయిని హాలీ అనేవాళ్లు, హాలీ అంటే ఇప్పుడు చెల్లుబాటులో ఉన్నది అని అర్థం. ఏడు హాలీ రూపాయలు బ్రిటిష్ వాళ్ల కల్దార్ రూపాయలు ఆరుకు సుమారుగా సమానం. భూతద్దం పెట్టి చూస్తే చార్మినార్ కమాను కింద నువ్వుగింజంత అక్షరం కనిపిస్తుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అది మీమ్. 1911లో ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక అది ఐన్ అయింది. తాతల నాటి పెట్టెలో దొరికిన హాలీ రూపాయి ఏ నిజాందో తెలుసుకోవడానికి ఫారసీ రానక్కర్లేదు, ఆ గుమ్మంలోకి తొంగిచూస్తే చాలు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియంలో నిధులుగా దొరికిన నాణేల భారీ సేకరణ ఉంది. అందులోని కుతుబ్‌షాహీ, బహమనీ నాణేల మీద అబ్దుల్ వలీ ఖాన్ 1960లలో రాసిన పట్టికలు ఇప్పటికీ పనికొచ్చే పుస్తకాలు.

కొనే విషయానికి వస్తే, ఇస్లామిక నాణేల ధరను లోహం కంటే రాత నిర్ణయిస్తుంది. హిషాం కాలపు వాసిత్ దిర్హమ్ పదమూడు వందల ఏళ్ల నాటిదే అయినా అరుదైనది కాదు. మంచి స్థితిలో ఉన్నదీ ఈ రోజుకీ వేల రూపాయల్లోనే దొరుకుతుంది. అదే వెండి, అదే బరువు, కానీ అంచున అరుదైన ఊరో ఏడాదో ఉంటే ధర పదింతలు, వందింతలు అవుతుంది. 2011 ఏప్రిల్‌లో లండన్‌లో హిజ్రీ 105 నాటి ఉమయ్యద్ దినార్ ఒకటి 37 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. దానిలో ఉన్న బంగారం నాలుగు గ్రాముల చిల్లరే. మామూలు దినార్ మీద లేని ఒక పంక్తి దాని మీద ఉంది. ఖలీఫాకు హిజాజ్‌లో ఉన్న గని బంగారంతో చేసిందని ఆ పంక్తి చెబుతుంది. ఇప్పటి సౌదీ అరేబియాలోని ఒక ప్రాంతాన్ని పేరు పెట్టి చెప్పిన తొలి ఇస్లామిక నాణెం అదే.

మొగల్ రూపాయిల్లో ఇంకో లెక్క ఉంది. తూకం వేసిన బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవాళ్లు. అచ్చు బిళ్ల కంటే పెద్దది కావడంతో రాతలో కొంత ఎప్పుడూ అంచు దాటి పోయేది. హిజ్రీ ఏడు ఒక వైపు, చక్రవర్తి పాలనా సంవత్సరం, ఊరు ఇంకో వైపు ఉంటాయి. మూడూ పూర్తిగా పడిన రూపాయికి విలువ ఎక్కువ. ఆ రెండు సంవత్సరాలూ ఒకదానితో ఒకటి పొసగకపోతే అనుమానించాలి. నాణెం మీద చిన్న చిన్న గాట్లు ఉంటే అవి షరాబులు మేలిమి చూడడానికి కొట్టిన గుర్తులు. పాత రూపాయికి వాళ్లు వట్టం పట్టేవాళ్లు. ఆ గాట్లు కొందరు సేకర్తలకు లోపం. నిజానికి ఎన్ని చేతులు మారిందో చెప్పే రాత కూడా అదే.

నకిలీలు రకరకాలు. పోతపోసిన నకిలీకి అక్షరాల అంచులు మెత్తగా ఉంటాయి, భూతద్దంలో సన్నని బుడగల గుంటలు కనిపిస్తాయి, చుట్టు అంచున రెండు అచ్చుల అతుకు గీత ఉండొచ్చు. బరువు సాధారణంగా కలవదు. దినార్ 4.25 గ్రాములకు, సంస్కరణ తరువాతి దిర్హమ్ 2.9 గ్రాములకు దగ్గరగా ఉండాలి. మిల్లీగ్రాములు చూపే చిన్న త్రాసు సేకర్త దగ్గర ఉండాల్సిన మొదటి పరికరం. ఒకే గీత, ఒకే నొక్కు ఉన్న నాణేలు రెండు కనిపిస్తే కనీసం ఒకటి నకిలీ. ఇంతకంటే గుర్తుపట్టడం కష్టమైనది అసలు నాణేన్నే చెక్కడం. ‘సబ్’లోని నాలుగో పన్నును అరగదీసి మొదటిదాన్ని ఎత్తు చేస్తే మామూలు సంవత్సరం అరుదైన సంవత్సరమవుతుంది.

తెలుగు ఇళ్లలో ఇంకో రెండు నష్టాలు తరచూ జరుగుతాయి. పాత వెండి బిళ్ల దొరగ్గానే చింతపండుతో తోమడం మొదటిది. మెరుపు వస్తుంది, శతాబ్దాలుగా పట్టిన పైపొర పోతుంది, సన్నని గీతలు పడతాయి, ధర సగానికి పడిపోతుంది. బంగారు మొహరుకు కొక్కెం అతికించి కాసులపేరులో కూర్చడం రెండోది. కొక్కెం తీసేసినా అంచున టంకం మచ్చ మిగులుతుంది. అది ఊరి పేరో ఏడో ఉన్న చోటే పడవచ్చు.

కొనేవాళ్లు చట్టాన్ని కూడా గుర్తుంచుకోవాలి. భారతదేశంలో 1878 నిధి చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేన్ని ప్రభుత్వ అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. విదేశంలో వేలానికి పంపడమూ ఇందులోకే వస్తుంది. ఇరాక్ నుంచి 1990 ఆగస్టు తరువాత, సిరియా నుంచి 2011 మార్చి తరువాత అక్రమంగా బయటికి వచ్చిన పురావస్తువుల వ్యాపారాన్ని ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2003, 2015 తీర్మానాలతో నిషేధించింది. వాసిత్, బస్రా, డమాస్కస్ దిర్హమ్‌లు కొనేటప్పుడు అవి ఆ తేదీలకు ముందే బయట ఉన్నాయని చూపే పాత రసీదు గానీ, పాత వేలం పట్టికలో బొమ్మ గానీ అడగడం ఇందుకే.

నిధిగా దొరికిన నాణేల్ని విడదీసి అమ్మేస్తే కలిగే నష్టం చట్టం పట్టుకోలేనిది. ఒక కుండలో దొరికిన వంద నాణేల్లో అన్నిటికంటే కొత్తది ఏదో తెలిస్తే ఆ కుండ ఏ సంవత్సరం తరువాత పాతారో తెలుస్తుంది. స్పిల్లింగ్స్ నిధి వయసు తేల్చింది అలాగే. విడివిడిగా అమ్ముడుపోయిన నాణేలు ఒక్కొక్కటి తన ఊరూ ఏడూ చెబుతాయి, ఏ కుండలో ఏ నాణేల పక్కన ఉన్నాయో చెప్పలేవు. అందుకే బాధ్యతగల సేకర్తలు ప్రతి నాణేనికీ ఒక చిన్న కాగితపు సంచి పెడతారు. దాని మీద పాలకుడు, ఊరు, హిజ్రీ ఏడు, బరువు, వ్యాసం, జాబితా నంబరు, ఎక్కడ దొరికింది, ఎవరి దగ్గర, ఏ తేదీన కొన్నది రాస్తారు. నాణెం చేతులు మారితే పాత సంచిని పారేయకుండా కొత్తదానితో కలిపి ఇస్తారు.